అసలు, మిత్తి, రిబా: ఇస్లామీయ ఆర్థిక న్యాయానికి తెలుగు పరిభాష

హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో అప్పు ప్రస్తావన వస్తే తెలుగువారి నోట రెండు మాటలు వెంటవెంటనే వస్తాయి: అసలు, మిత్తి. సింహవాహిని మహంకాళి ఆలయంతో, ఆషాఢమాసపు బోనాలతో ప్రసిద్ధికెక్కిన ఆ బస్తీలో ఉర్దూ మాట్లాడే పొరుగింటివారు అదే లెక్కను అసల్, సూద్ అని చెప్పుకొంటారు. మిత్తికీ సూదుకూ పోలిక లేదు. అసలు మాత్రం రెండిళ్లలోనూ ఒకటే. అరబీ భాషలో 'అస్ల్' అంటే వేరు, మొదలు, ఆధారం. దాని బహువచనం 'ఉసూల్'. ఇస్లామీయ న్యాయానికి ఆధారాలేవి, వాటి నుండి విధినిషేధాలను రాబట్టే పద్ధతి ఏది అని విచారించే శాస్త్రానికి 'ఉసూలుల్ ఫిఖ్హ్' అని పేరు. అప్పులోని అసలూ, న్యాయశాస్త్రంలోని మూలమూ ఒకే మాట. తెలుగువారి నాలుకపై ఇంతగా అరిగిన ఈ మాట ఇస్లామీయ ఆర్థిక విధానాన్ని తెలుగులో వివరించే సందర్భంలో మాత్రం పరిభాషగా పనికివచ్చినట్లు కనిపించదు.

అటువంటి వివరణలకు ఒక సాధారణ స్వరూపం ఏర్పడి ఉంది. ఖురాన్, సున్నత్, ఇజ్మా, ఖియాస్ అనే నాలుగు మూలాల పట్టిక మొదట వస్తుంది. వడ్డీ నిషిద్ధమన్న తీర్పు దాని వెంట వస్తుంది. ముదారబా, ముషారకా, మురాబహా, ఇజారా వంటి ఒప్పందాల జాబితా చివర వస్తుంది. పట్టిక నుండి తీర్పుకూ, తీర్పు నుండి జాబితాకూ న్యాయవేత్తలు నడిచిన దారి పాఠకునికి కనబడదు. దానివల్ల వెయ్యేళ్లకు పైబడిన వాదప్రతివాదాల చరిత్ర ఒక్క ఆజ్ఞగా కుదించుకుపోతుంది. దీనికి కారణం విషయజ్ఞానం కొరవడడం కాదు, పరిభాష విషయంలో జరిగిన కొన్ని ఎంపికలు. రిబాకు 'వడ్డీ' అనీ, ఫిఖ్హ్‌కు 'ధర్మశాస్త్రం' అనీ స్థిరపరచుకోవడం, అదే న్యాయం నుండి ఎన్నడో తెలుగులోకి వచ్చి చేరిన మాటలను కచేరీ మాటలుగా పక్కన పెట్టడం ఆ ఎంపికల్లో ముఖ్యమైనవి. వాటి మంచిచెడ్డలను పరిశీలించడం ఈ వ్యాసం పని.

పాతబస్తీలో వెలువడిన ఉసూల్

ఈ పరిశీలనకు లాల్‌దర్వాజా కేవలం ఒక ఉదాహరణగా వచ్చిన ఊరిపేరు కాదు. అదే పాతబస్తీలోని షిబ్లీగంజ్‌లో జామియా నిజామియా ఉంది. అన్వారుల్లా ఫారూఖీ 1870 దశకంలో నెలకొల్పిన ఆ విద్యాసంస్థలో బోధించిన అబుల్ వఫా అల్-అఫ్గానీ కాందహారులో పుట్టి, హైదరాబాదులో జీవించి, 1975లో ఇక్కడే కన్నుమూశాడు. హనఫీ సంప్రదాయపు తొలి గ్రంథాలను వ్రాతప్రతుల నుండి పరిష్కరించి ప్రకటించడానికి ఆయన 'లజ్నతు ఇహ్యాయిల్ మఆరిఫిన్ నుఅమానియా' అనే పరిషత్తును స్థాపించాడు. పదకొండవ శతాబ్దపు న్యాయవేత్త సరఖ్సీ రచించిన 'ఉసూల్' ఆయన పరిష్కరణలోనే 1950 దశకం ఆరంభంలో వెలుగు చూసింది. అచ్చు కైరోలో పడినా ప్రకాశకులు హైదరాబాదువారే. అబూ హనీఫా శిష్యుడైన ముహమ్మద్ ఇబ్న్ హసన్ షైబానీ రచన 'కితాబుల్ అస్ల్' కూడా ఆయన పరిష్కరణతోనే 1966 నుండి దాయిరతుల్ మఆరిఫ్ సంపుటాలుగా వెలువరించింది. ఆ ముద్రణ పూర్తి కాలేదు. సంపూర్ణ పాఠం 2012లో గాని రాలేదు. అయినా అర్ధశతాబ్దం పాటు ప్రపంచంలోని పరిశోధకులకు షైబానీ అందింది ప్రధానంగా హైదరాబాదు సంపుటాల నుండే. పుస్తకం పేరు మళ్లీ 'అస్ల్'. ఆ పేరు విని లాల్‌దర్వాజా తెలుగువాడు అప్పు లెక్కల పుస్తకమనుకుంటే నవ్వనక్కరలేదు. కొనుగోళ్లు, అమ్మకాలు, పూచీలు, భాగస్వామ్యాలు అందులో ప్రధాన విషయాలే.

మూలగ్రంథాల పరిష్కరణకు సమాంతరంగా ఆధునిక ఆర్థిక చర్చ కూడా ఈ నగరంలో సాగింది. 1908లో హైదరాబాదులో జన్మించిన ముహమ్మద్ హమీదుల్లా ఇక్కడి నుండి వెలువడే 'ఇస్లామిక్ కల్చర్' అనే ఆంగ్ల త్రైమాసికంలో 1936లో ఆర్థిక సమస్యలకు ఇస్లాం చూపే పరిష్కారాల గురించి, అందులో శ్రమకు గల స్థానం గురించి వ్యాసం ప్రకటించాడు. 1955 నాటికి పారిస్‌లో స్థిరపడిన ఆయన ఇస్లామీయ ఆర్థిక చింతనకూ ఆచరణకూ హైదరాబాదు చేసిన దోహదాన్ని ఒక యూరోపియన్ పరిశోధన పత్రికలో నమోదు చేశాడు. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకంలోనే ఈ నగరంలో వడ్డీలేని ఋణసంఘాలు మొదలయ్యాయన్న సంగతి అలా లోకానికి తెలిసింది. ఉస్మానియా అర్థశాస్త్ర శాఖకు చెందిన అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ, ధర్మశాస్త్ర శాఖకు చెందిన మనాజిర్ అహ్సన్ గీలానీ 1940 దశకంలో వడ్డీ సిద్ధాంతంపైనా, ఇస్లామీయ ఆర్థిక వ్యవస్థపైనా గ్రంథాలు రచించారు. రాయప్రోలు సుబ్బారావు తెలుగు బోధించిన విశ్వవిద్యాలయం కూడా అదే. బోధనాభాష ఉర్దూ అయినందువల్ల చర్చ ఉర్దూలో, ఆంగ్లంలో, అరబీలో నడిచింది. తెలుగు శాఖ అదే విశ్వవిద్యాలయంలో ఉన్నా ఆ చర్చకు శ్రోత కాలేదు.

సిద్ధాంతం ఇలా వికసిస్తున్న రాజ్యంలో ఆచరణ మరొక దారిలో ఉండడం గమనించదగినది. నిజాం రాజ్యంలో అరబ్బులు, రోహిల్లాలు వడ్డీకి అప్పులిచ్చిన సంగతి చరిత్రకారులకు పరిచితమే. 1349 ఫసలీలో వచ్చిన వడ్డీ వ్యాపారుల చట్టం వడ్డీని నిషేధించలేదు, క్రమబద్ధం చేసింది. అంటే ముస్లిం ప్రభువు ఏలుబడిలో కూడా రిబా నిషేధం రాజశాసనంగా కాక, న్యాయవేత్తల వాదంగా, వ్యక్తుల అంతఃకరణగా మాత్రమే నిలిచింది. కనుకనే అది ఏ వాదం మీద నిలిచిందో తెలియడం ముఖ్యం.

వృద్ధి అనే అర్థం

తెలుగు ఖురాన్ అనువాదాల్లో రిబాకు 'వడ్డీ' అనే మాటే స్థిరపడింది. తెలుగులో ఖురానుకు తొలి అనువాదకుడు చిలుకూరి నారాయణరావు ఆంధ్రభాషా చరిత్రను రచించిన భాషావేత్త. పాతబస్తీలోని ఛత్తాబజారు నుండి పుస్తకాలు ప్రకటించిన తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ రచనల్లోనూ ఆ మాటే నిలిచింది. వ్యుత్పత్తి దృష్టితో చూస్తే ఇంతకంటె సరైన ఎంపిక దొరకదు. వడ్డి సంస్కృత 'వృద్ధి'కి ప్రాకృత మార్గాన వచ్చిన రూపం. రిబాకు ధాత్వర్థం కూడా పెరగడమే, ఉబ్బడమే. రెండు భాషలూ తమకు తాముగా ఒకే రూపకాన్ని ఎంచుకొన్నాయి: సొమ్ము పెరుగుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మాటకు మాట సరిపోయింది గాని ఆ మాటలు పరచుకొన్న నేలలు సరిపోలేదు. ఖురానులో రిబా ప్రస్తావన ప్రధానంగా నాలుగు చోట్ల ఉంది: 2వ అధ్యాయంలో 275 నుండి 281 వరకు గల వాక్యాలు, 3వ అధ్యాయంలో 130వ వాక్యం, 4వ అధ్యాయంలో 161, 30వ అధ్యాయంలో 39. వీటిలో చివరిదాని గురించి వ్యాఖ్యాతల్లో పలువురు అది ఋణం మాట కాదన్నారు. ఎక్కువ తిరిగి వస్తుందన్న ఆశతో ఇచ్చే కానుకను ఉద్దేశించినదన్నారు. అక్కడ 'వడ్డీ' అని తెలుగు చేసిన మరుక్షణం ఆ వ్యాఖ్యాన సంప్రదాయం మూసుకుపోతుంది. చదివింపుల పద్దు వ్రాసి పెట్టుకొని, మళ్లీ వారింటి పెళ్లికి దానికి పైచేయిగా చదివించే అలవాటున్న తెలుగు సమాజానికి ఆ వాక్యం ఎంత దగ్గరగా వచ్చేదో ఊహించవచ్చు. 3వ అధ్యాయంలోని వాక్యం రెట్టింపులకు రెట్టింపులైన రిబాను గురించి చెబుతుంది. దీన్ని ఆధారం చేసుకొని నిషేధం చక్రవడ్డీ వంటి పీడకే పరిమితమని వాదించిన ఆధునికులున్నారు. 1964లో ఫజ్లుర్ రహ్మాన్ ప్రకటించిన వ్యాసం ఆ ధోరణిలో ప్రసిద్ధమైనది. అధిక సంఖ్యాకులైన న్యాయవేత్తలు దాన్ని అంగీకరించలేదు. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ బ్యాంకు వడ్డీ రిబాయేనని తీర్మానించింది. ఈ అభిప్రాయభేదం నిజమా కాదా అన్నది వేరు సంగతి. తెలుగులో దాన్ని చెప్పడానికి 'వడ్డీలో ఏది వడ్డీ' అనే వింత ప్రశ్న వేయవలసి వస్తుంది.

తెలుగులో 'వడ్డీ' స్వతస్సిద్ధంగా నింద్యపదం కాదు. ధర్మవడ్డీ అనే సమాసం మనకుంది. న్యాయమైన రేటుకు తీసుకొనేదని దాని అర్థం. యాజ్ఞవల్క్యస్మృతి తాకట్టు ఉన్న అప్పుపై నెలకు ఎనభయ్యవ వంతు వడ్డీని విధించింది. తాకట్టు లేని చోట వర్ణక్రమాన్ని బట్టి నూటికి రెండు నుండి అయిదు దాకా అనుమతించింది. బంగారమైతే రెండింతలు, ధాన్యమైతే మూడింతలు, వస్త్రమైతే నాలుగింతలు దాటరాదని పరిమితి కూడా పెట్టింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకొని పదమూడవ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయం' రచించడంతో ఋణవ్యవహారం తెలుగు పద్యంలోకి వచ్చింది. అంటే తెలుగులో న్యాయవాఙ్మయం మొదలైననాడే వడ్డీ ధర్మం లోపలి విషయంగా, హద్దులు గీయవలసిన విషయంగా ప్రవేశించింది. అటువంటి భాషలో హలాల్‌ను 'ధర్మసమ్మతం' అనీ, హరామ్‌ను 'అధర్మం' అనీ తెలిగించి 'వడ్డీ అధర్మం' అని వ్రాస్తే ధర్మవడ్డీ అనే మాటతో అది నేరుగా ఢీకొంటుంది. పాఠకుడు దాన్ని ఒక కొత్త న్యాయదృష్టిగా కాక పాత మాటకు ఎదురు మాటగా వింటాడు. మరొక చిత్రం కూడా ఉంది. నిఘంటువులు మిత్తిని మృత్యువుకు తద్భవంగా చూపుతాయి. తెలంగాణ ఆ ధ్వనినే వడ్డీకి వాడుతుంది. ఇది కేవలం ధ్వనిసామ్యమే గాని, అప్పుల్లో మునిగినవారు దాన్ని శ్లేషగా వినకుండా ఉండరు. నింద్యార్థం కావలసివస్తే ధర్మవడ్డీ కంటె మిత్తే దగ్గరి మాట.

అసలు నుండి కొమ్మకు

నాలుగు మూలాల పట్టికలో చివరిదైన ఖియాస్‌ను తెలుగు వివరణలు 'పోలిక', 'సాదృశ్యం' అని ఒక్క మాటతో దాటవేస్తాయి. ఇస్లామీయ ఆర్థిక న్యాయంలో ఎక్కువ భారం మోసేది అదే. ఖియాస్‌కు నాలుగు అంగాలు. తీర్పు తెలిసిన మొదటి సందర్భం అస్ల్. తీర్పు తెలియని కొత్త సందర్భం ఫర్అ, అంటే కొమ్మ. రెండింటికీ సమానమైన కారణం ఇల్లత్. మొదటిదాని నుండి రెండవదానికి ప్రసరించే తీర్పు హుక్మ్. ఈ హుక్మే తెలుగులోని హుకుం. అస్ల్ తెలుగులోని అసలు. నాలుగింట రెండు మాటలు ఇదివరకే మన ఇంట్లో ఉన్నాయి. 'అసలు సందర్భం', 'కొమ్మ సందర్భం' అని తెలుగు చేస్తే వేరు నుండి కొమ్మకు రసం ఎక్కినట్లు తీర్పు ఎక్కుతుందన్న అరబీ రూపకం చెక్కుచెదరదు.

ఉబాదా ఇబ్న్ సామిత్ చెప్పిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. బంగారం, వెండి, గోధుమ, యవ, ఖర్జూరం, ఉప్పు అనే ఆరు వస్తువులను దానితో దానినే మారకం చేసేటప్పుడు సమానంగా, చేతికి చేయిగా మార్చుకోవాలని దాని సారాంశం. ఇందులో అప్పు లేదు. గడువు లేదు. మంచి ఖర్జూరం ఒక కుంచానికి మామూలు ఖర్జూరం రెండు కుంచాలు అక్కడికక్కడే ఇచ్చినా అది రిబాయే. తెలుగు 'వడ్డీ' ఈ మారకాన్ని ఏ విధంగానూ అందుకోలేదు.

మరి బియ్యం మాట ఏమిటి? ఆరింటిలో బియ్యం లేదు. ఖియాస్‌ను అంగీకరించని జాహిరీ సంప్రదాయం ఆరు వస్తువుల దగ్గరే ఆగిపోయింది. మిగిలినవారు ఇల్లత్ కోసం వెదికారు. హనఫీలు కొలతకో తూకానికో వచ్చే గుణాన్ని, జాతి ఒకటి కావడాన్ని కారణంగా గుర్తించారు. షాఫియీలు ద్రవ్యం కావడాన్ని, ఆహారం కావడాన్ని గుర్తించారు. మాలికీలు ఆహారాల్లో నిలవకు ఆగే ముఖ్యాహారాన్ని మాత్రమే తీసుకొన్నారు. ఏ దారిన పోయినా బియ్యం లోపలికి వస్తుంది. మామిడిపండు దగ్గర దారులు చీలుతాయి. షాఫియీలకు అది ఆహారం గనుక లోపలే. హనఫీలకు అది లెక్కన అమ్మే చోట కొలతకు, తూకానికి వెలుపల. పది చిన్నరసాలకు అయిదు పెద్దరసాలు చేతికి చేయిగా మార్చుకొంటే తప్పు లేదు, గడువు పెట్టి మార్చుకొంటేనే తప్పు. తూకానికి అమ్మే చోట అదే పండు లోపలికి వస్తుంది. మూలవాక్యంలో పేరు లేని వస్తువు కొలతదా తూకానిదా అన్నది ఆ ఊరి ఆచారమే నిర్ణయిస్తుందని హనఫీలు అన్నారు. పేరున్న వస్తువుల విషయంలో కూడా ఆచారమే ప్రమాణమని అబూ యూసుఫ్ ఒక అడుగు ముందుకు వేశాడు. మామిడిపండ్లు వందల లెక్కన పోయిన కాలమూ, కిలోల లెక్కన పోతున్న కాలమూ రెండూ తెలిసిన నగరానికి ఇది శుష్కవాదం కాదు. మూలం మారలేదు, బజారు మారింది. తీర్పు బజారును అనుసరించింది.

ఇక్కడ తెలుగుకు వడ్డీ, మిత్తి కాక మూడవ మాట అవసరమవుతుంది. ఆ మాట కూడా ఉంది. విత్తనాల వేళ వడ్లు అప్పు తెచ్చి, కోతల వేళ పైపెచ్చు కలిపి వడ్లే కొలిచి ఇచ్చే పద్ధతిలో ఆ పైపెచ్చును 'నాగు' అంటారు. తెలంగాణ రైతును నగదు వడ్డీ కంటె ఎక్కువగా వంచింది నాగే. హనఫీ ఇల్లత్ ప్రకారం వడ్లు కొలిచేవి, జాతి ఒకటి, గడువు ఉంది. నాగు సందేహం లేకుండా రిబా. అయితే 'వడ్డీ నిషిద్ధం' అన్న తెలుగు వాక్యం నగదు గురించిన మాటగానే చెవిన పడుతుంది. పల్లె నుండి వచ్చి లాల్‌దర్వాజాలో స్థిరపడిన కుటుంబపు పెద్దకు రిబాను వివరించాలంటే 'మిత్తీ, నాగూ రెండూ' అని చెప్పడం కంటె దగ్గరి దారి లేదు. ఆరు వస్తువుల హదీసు నుండి నాగు దాకా వచ్చే నడకే ఖియాస్ అని కూడా అందులోనే తెలిసిపోతుంది.

కాగితపు నోటు ఇదే నడకలో తరువాతి మజిలీ. అది కొలిచేది కాదు, తూచేది కాదు. హనఫీ ఇల్లత్‌ను అక్షరశః పట్టుకొంటే నోటు జారిపోతుంది. ద్రవ్యంగా చెలామణి కావడమే కారణమన్న వాదాన్ని ఆధునిక న్యాయవేత్తలు ముందుకు తెచ్చారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన ఫిఖ్హ్ అకాడమీ బంగారు వెండి విధులే నోట్లకూ వర్తిస్తాయని తీర్మానించింది. ఇజ్మా అనే మూలం నేటి కాలంలో ఇటువంటి సామూహిక తీర్మానాల రూపంలో నీడగా కనిపిస్తుంది. పూర్వపు ఇజ్మాతో దీన్ని సమానంగా చూడవచ్చునా అన్న వివాదం ఇంకా సమసిపోలేదు.

తెలుగు శాఖలకు ఈ తర్కం పూర్తిగా కొత్తది కాదు. ఫిఖ్హ్‌కు ధర్మశాస్త్రాన్ని సమానార్థకంగా తీసుకొన్నవారు ఉసూల్‌కు సమానమైనదేదో అడగలేదు. దానికి దగ్గరగా ఉన్నది స్మృతి కాదు, పూర్వమీమాంస. ప్రకృతియాగానికి విధించిన అంగాలు వికృతియాగానికి సంక్రమించడాన్ని మీమాంసకులు అతిదేశమన్నారు. ఖియాస్‌కూ అతిదేశానికీ భేదాలున్నాయి. ఒకటి కారణాన్ని వెదుకుతుంది, మరొకటి విధివాక్యపు బలాన్ని వెదుకుతుంది. అయినా ఒక వాక్యం తాను పేర్కొనని సందర్భాన్ని ఎట్లా శాసిస్తుందన్న ప్రశ్న రెండింటికీ సమానం. మితాక్షరను మీమాంస లేకుండా చదవలేనట్లే మురాబహాను ఉసూల్ లేకుండా చదవలేము. 'ధర్మశాస్త్రం' అన్న అనువాదం విధుల పెట్టెను మాత్రమే చూపించి, దాన్ని తెరిచే తాళంచెవిని వెలుపలే వదిలేసింది.

అపకీర్తి పాలైన మాటలు

కబ్జా, హవాలా, ఇజారా, బయానా, జామీను, బాకీ, కిస్తు, నగదు, షరతు: ఇవన్నీ అరబీ మూలం నుండి, చాలావరకు పారశీక, ఉర్దూ కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చాయి. సి. పి. బ్రౌన్ 1852లో తన తెలుగు–ఆంగ్ల నిఘంటువును వెలువరించిన తరువాత ఇటువంటి మాటలను 1854లో మిశ్రభాషా నిఘంటువుగా వేరు చేసి ప్రకటించాడు. వాటిని సేకరించినందుకు ఆయనకు ఋణపడి ఉండవలసిందే. అయితే ఆ వేర్పాటు వల్ల ఒక అభిప్రాయం బలపడింది: ఇవి పనికి వచ్చే మాటలే గాని ఆలోచనకు వచ్చే మాటలు కావు. తెలుగుపై ఉర్దూ, పారశీక ప్రభావాన్ని అధ్యయనం చేసిన కె. గోపాలకృష్ణరావు వంటి పరిశోధకుల శ్రమ వల్ల వీటి రాకపోకలు తెలిశాయి. వాటి వెనుక ఉన్న ఒప్పంద న్యాయం మాత్రం భాషాశాస్త్రపు గిరిలోకి రాలేదు.

నేటి తెలుగు పత్రికల్లో కబ్జా అంటే పరుల భూమిని దౌర్జన్యంగా ఆక్రమించడం. ఫిఖ్హ్‌లో ఖబ్ద్ అంటే కొన్న వస్తువు కొన్నవాని స్వాధీనంలోకి రావడం. మురాబహా అనే ఒప్పందం మొత్తం దీని మీద నిలబడి ఉంది. ఖాతాదారుకు కావలసిన వస్తువును బ్యాంకు ముందు తాను కొని, స్వాధీనపరచుకొని, నష్టభయాన్ని కొద్దికాలమైనా తాను మోసి, తరువాత లాభం కలిపి వాయిదాల మీద అమ్మాలి. ఆ స్వాధీనం లేకపోతే అది అమ్మకం వేషం వేసుకొన్న అప్పు మాత్రమే. ఇస్లామీయ బ్యాంకింగును లోపలి నుండి విమర్శించేవారు ఎక్కుపెట్టే మొదటి బాణం ఇదే: కాగితం మీది కబ్జా నిజమైన కబ్జాయేనా? తెలుగులో అత్యంత అపకీర్తి గడించిన మాటే ధర్మమైన అమ్మకాన్ని దొంగ అప్పు నుండి వేరు చేసే గుర్తు. 'స్వాధీనం' అని సంస్కృతీకరిస్తే అర్థం చెడదు, అయితే ఈ ఎదురుచూపు పోతుంది.

హవాలా గతి కూడా ఇటువంటిదే. ఒకరి బాకీని మరొకరి మీదికి బదిలీ చేయడమనే శుద్ధమైన ఒప్పందం వార్తల్లో నల్లధనానికి మారుపేరయింది. ఇజారా కథ మరింత చేదు. ఫిఖ్హ్‌లో అది అద్దె, కిరాయి, కూలి. నేటి ఇస్లామీయ బాండ్లలో విస్తారంగా వాడే నిర్మాణం. తెలంగాణ చరిత్రలో అది శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతి. మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలు తొలగించవలసి వచ్చిన పీడ. ఆ జ్ఞాపకం ఉన్న భాషలో 'ఇజారా ధర్మసమ్మతం' అన్న వాక్యానికి వివరణ తోడు లేకపోతే అపార్థమే మిగులుతుంది.

బయానా సంగతి వేరు. అది అపకీర్తి పాలు కాలేదు. పాతబస్తీలో ఇల్లు, స్థలం, చివరికి పెళ్లి వంటల మాట దాకా బయానా లేనిదే బేరం కుదరదు. అరబీలో అమ్మకాన్ని చెప్పే 'బైఅ' దాని మూలం. కొనేవాడు వెనక్కు తగ్గితే బయానా సొమ్ము పోయినట్లే అన్నది ఇక్కడి వాడుక. హనఫీ, మాలికీ, షాఫియీ సంప్రదాయాలు ఈ విధమైన జప్తును అంగీకరించలేదు. హన్బలీలు అంగీకరించారు. హనఫీ సంప్రదాయమే ప్రబలంగా ఉన్న నగరంలో హన్బలీ విధి రోజువారీ ఆచారంగా నడుస్తోందన్న మాట. ఉర్ఫ్, అంటే ఆచారం, నాలుగు మూలాల పట్టికలో కనబడదు. ఆచరణలో అది అయిదవ మూలమంత పని చేస్తుంది. దీన్ని పట్టికతో చెప్పలేము. బయానా అనే ఒక్క మాటతో చెప్పవచ్చు.

మాటలను అనువదించకుండా ఉంచడం ఒక్కటే ఉపాయమని దీని భావం కాదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' తరువాత, 1998లో వచ్చిన 'జల్‌జలా' సంకలనం తరువాత ముస్లిం జీవితపు ఉర్దూ మాటలు తెలుగు కవిత్వంలో తలెత్తి నిలబడ్డాయి. అది సాహిత్యంలో సమర్థనీయమైన విజయం. న్యాయవివరణకు ఆ పద్ధతి చాలదు. ఇల్లత్, ఇస్తిహ్సాన్ వంటి మాటలు వాటి మానాన అవి నిలిచి పాఠకునికి ఏమీ చెప్పవు. ఖియాస్ తేల్చిన ఫలితం కఠినంగా తోచిన చోట దానికంటె బలమైన ఆధారంతో పక్కకు తిరగడాన్ని హనఫీలు ఇస్తిహ్సాన్ అన్నారు. ఇంకా లేని వస్తువును అమ్మరాదన్న నియమం ఉన్నా వడ్రంగికి చెప్పి తలుపు చేయించుకోవడం చెల్లుతుందన్నది దాని వల్లనే. జనమంతా అభ్యంతరం లేకుండా చేస్తున్న పని అన్నదే అక్కడి ఆధారం. ఇక్కడ ఉదాహరణ చేయవలసిన పనిని పదం చేయలేదు. ఏ మాటను నిలపాలి, ఏ మాటను తెలిగించాలి, ఏ మాటను పాత తెలుగు అరువుమాటతో తిరిగి కలపాలి అన్నది ఒక్కొక్క మాటకు విడివిడిగా తేల్చవలసిందే. అన్నిటికీ ఒకే సూత్రం పెట్టుకొన్నవారు సంస్కృతం వైపు వెళ్లినా అరబీ వైపు వెళ్లినా ఒకే చోట చిక్కుకొన్నారు.

ఈ చర్చ పుస్తకాలకు పరిమితమైతే ఇంత పట్టింపు అక్కరలేదు. రఘురాం రాజన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం వడ్డీలేని బ్యాంకింగును అనుమతించాలని 2008లో సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. కనుక పాతబస్తీలో వడ్డీ వద్దనుకొన్నవారికి మిగిలినవి సహకార ఋణసంఘాలు, బైతుల్‌మాల్‌లు, కొన్నిసార్లు ఆ పేరు చెప్పుకొనే మోసాలు. వాటిని వేరుచేసి చూసుకొనే భారం బ్యాంకింగు చట్టం మీద కాక అప్పు తీసుకొనేవారి మీద పడింది. 'ఇందులో వడ్డీ లేదు' అన్న ఒక్క వాక్యం మూడింటి ముఖాన ఒకేలా కనబడుతుంది.

వడ్డీలేని అప్పు ఇచ్చే సంఘానికి గుమస్తా జీతం, గది అద్దె, పుస్తకాల ఖర్చు ఉంటాయి. అది రుసుము తీసుకొంటుంది. రుసుము కూడా అరబీ మాటే. 1986 నాటి అమ్మాన్ సమావేశమే ఈ రుసుమును కూడా పరిశీలించి, నిజంగా అయిన ఖర్చుకు మించకపోతే తీసుకోవచ్చునని, మించినదంతా రిబా అని తేల్చింది. దాని ప్రకారం పదివేల అప్పుకు రెండు వందలు, లక్ష అప్పుకు రెండు వేలు అని రుసుము వ్రాసి ఉంటే ప్రశ్న లేవాలి. పద్దు వ్రాసే శ్రమ లక్ష రూపాయలకు పదింతలు కాదు. ఆరు నెలలకు ఒక రుసుము, పన్నెండు నెలలకు దానికి రెట్టింపు అని ఉంటే ప్రశ్న ఇంకా గట్టిది. 'వడ్డీ ఉందా?' అని అడిగితే లేదన్న జవాబే వస్తుంది. ఆ జవాబు మాట వరకు నిజమే కావచ్చు. 'ఈ రుసుము గడువుతో పెరుగుతుందా?' అని అడిగితే రిబాను దాని ధాత్వర్థంలో పట్టుకొని అడిగినట్లు అవుతుంది. సరఖ్సీ ఉసూల్‌ను చదవని లాల్‌దర్వాజా గృహిణి కూడా ఆ ప్రశ్న అడగగలదు. దానికి కావలసిన మాటలన్నీ ఆమె తెలుగులో ఇప్పటికే ఉన్నాయి.